ఎనిమిది మిల్లీమీటర్ల తగువు

మా ఇంట్లో వదినా ఆడబిడ్డలకు చీరల దగ్గర మాట రాలేదు, పొలం పంపకాల దగ్గరా రాలేదు. వచ్చింది గర్భసంచి లోపలి పొర దగ్గర. మా ఆవిడ మా ఊరు బుచ్చిరెడ్డిపాలెంలోనే జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైంది. మా చెల్లెలు నెల్లూరులో ఒక సంతాన సాఫల్య కేంద్రంలో హార్మోన్ల ల్యాబు చూస్తుంది. సెలవు దొరికితే ముంబై రోడ్డు బస్సెక్కి మా ఇంటికి వచ్చేస్తుంది. మా పెద్దనాన్న మనవరాలికి ఐవీఎఫ్‌లో గర్భసంచిలో పిండం పెట్టడం రెండోసారీ వాయిదా పడిందన్న కబురూ, మా చెల్లెలూ ఒకే ఆదివారం వచ్చారు. ఆ పిల్ల చూపించుకుంటున్నది చెల్లెలు పనిచేసే చోట కాదు, వేరే ఆసుపత్రి. అయినా ఆ వృత్తి మొత్తం తరఫున మా ఆవిడ చేతికి దొరికింది చెల్లెలే కాబట్టి వడ్డన ఆమెకే జరిగింది. నేను మధ్యలో కూర్చుని విన్నాను. కింద రాసింది అదే, తిట్లు కొన్ని తీసేసి.

వదిన: ఐదు పిండాలు తయారుగా పెట్టుకొని, పొర ఆరు పాయింటు నాలుగే వచ్చిందని పిల్లను ఇంటికి పంపేశారంట. ఏడుంటే పెట్టేవాళ్ళంట, ఎనిమిదైతే ఇంకా మేలంట. ఆరు పాయింటు నాలుక్కీ ఏడుకీ తేడా ఎంత? గోరు మందం. ఆ గోరు మందానికి ఒక నెల ఏడుపు.

ఆడబిడ్డ: నెల పోయింది గానీ పిండం పోలా గదా వదినా. మైనస్ 196 డిగ్రీల నైట్రోజన్‌లో ఉండాది. దానికి వయసు రాదు. ఒకసారి కరిగించి బయటికి తీస్తే మళ్ళా లోపల పెట్టడం అంత తేలిక కాదు. అందుకే ముందు పొర సంగతి తేల్చుకొని, ఆ తర్వాతే దాని జోలికి పోతారు.

వదిన: ఆ ఏడు ఎవరు గీసిన గీత? దేవుడు గీశాడా, స్కాన్ మిషన్ కంపెనీ గీసిందా?

ఆడబిడ్డ: లెక్కలు గీశాయి. కెనడాలో తొంభై ఆరు వేల పిండం ట్రాన్స్‌ఫర్లు పోగేసి 2022లో అచ్చేశారు. గడ్డకట్టించిన పిండాలు పెట్టినవాళ్ళలో పొర ఏడు మిల్లీమీటర్లు దాటినాక ఇంకా ఎంత మందమైనా కాన్పుల శాతం పెద్దగా పెరగలా. ఏడుకు దిగువన మాత్రం తగ్గింది.

వదిన: తగ్గింది అన్నావు. ఆగిపోయింది అన్లా.

ఆడబిడ్డ: అన్లా. ఆరు మీదా ఐదు మీదా పుట్టిన బిడ్డలు ఉండారు. నేను ఆ డాక్టరమ్మ స్థానంలో ఉంటే ఆరు పాయింటు నాలుగు చూసి భయపడను. రెండు వారాలు ఈస్ట్రోజెన్ మాత్రలు మింగినా ఎందుకు పెరగలేదని అడుగుతాను. ఈ పిల్లకు మూడేళ్ళ కింద గర్భం పోతే డీ అండ్ సీ చేశారు గదా. లోపల గీకినప్పుడు పొర అడుగు దాకా దెబ్బ తగిలితే అక్కడ మచ్చ కడుతుంది. మచ్చ మీద పొర పెరగదు, ఎన్ని మాత్రలు పోసినా. ఇంకోటి టీబీ. ఊపిరితిత్తుల్లో కాదు, గర్భసంచిలో. దగ్గు ఉండదు, జ్వరం ఉండదు, నెలసరి పల్చబడుతుంది అంతే. మన దేశంలో పొర పల్చగా ఉన్న ఆడమనిషి కనిపిస్తే ఈ రెండూ చూడకుండా మాత్రల మోతాదు పెంచుకుంటా పోవడం నాకూ నచ్చదు.

(ఇక్కడ మా ఆవిడ ఒక్క క్షణం తగ్గింది. పోట్లాడేదానికి కూర్చున్న మనిషికి ఎదుటివాళ్ళు మన మాటే మనకంటే బాగా చెప్పడం ఇబ్బందికరం. చెల్లెలు ఫోనులో స్కాన్ బొమ్మ తెరిచి చూపించింది. నల్లటి మబ్బులో పడుకోబెట్టిన చింతగింజలాంటి ఆకారం; దాని రెండు అంచుల్లో రెండు తెల్ల గీతలు, నడుమ ఇంకోటి. గీతల మధ్య నలుపు. ఆ పై అంచు నుంచి కింది అంచుకు చిన్న చుక్కల గీటు వేసి పక్కన రాసిందే ఆ 6.4. ఇంట్లో అందరం ఏడుస్తున్నది ఆ చుక్కల గీటు గురించి.)

ఆడబిడ్డ: ఈ మూడు గీతలు కనిపిస్తా ఉండాయంటే ఈస్ట్రోజెన్ తన పని చేసిందని అర్థం. ప్రొజెస్టెరాన్ తగిలినాక ఈ గీతలు చెదిరి మొత్తం తెల్లగా అలుక్కుపోతుంది. అప్పుడు పొర లావెక్కడం ఆగి, స్వభావం మారడం మొదలవుతుంది.

వదిన: అదీ నేను చెప్పేది. లావు కాదు, స్వభావం. మీరు స్కేలు పెట్టి లావు కొలుస్తారు, ఎందుకంటే కొలవగలిగింది అదొక్కటే. నా పాఠంలో మొదటి రోజు చెప్పేదాన్ని: ఈస్ట్రోజెన్ ముందు రావాల, ప్రొజెస్టెరాన్ తర్వాత రావాల. ఎందుకు? ప్రొజెస్టెరాన్‌ను పట్టుకునే గ్రాహకాలను కణాల్లో పుట్టించేదే ఈస్ట్రోజెన్. అది ముందు పనిచేయకపోతే వెనక ఎంత ప్రొజెస్టెరాన్ పోసినా పట్టుకునేవాళ్ళు ఉండరు. 1929లో అమెరికాలో కార్నర్, అలెన్ అని ఇద్దరు, కడుపుతో ఉన్న కుందేళ్ళ అండాశయాలు తీసేశారు. లోపల పిండాలన్నీ చచ్చిపోయాయి. అండం విడుదలైన చోట మిగిలే పసుపుపచ్చ ముద్ద ఉంటుందే, కార్పస్ ల్యూటియం, దాని సారం తీసి సూది వేస్తే నిలబడ్డాయి. ఆ సారమే తర్వాత ప్రొజెస్టెరాన్ అయింది. అంటే అంకె కాదమ్మాయ్, వరస. వరసా, రోజులూ.

ఆడబిడ్డ: వరస మేమూ చూస్తాం వదినా. ప్రొజెస్టెరాన్ మొదలుపెట్టినాక ఐదు నిండు రోజులు గడిపి ఆరో రోజు పెడతాం, ఐదు రోజుల పిండాన్ని. మూడు రోజుల పిండమైతే ఇంకా ముందే పెడతాం. పొర వయసూ పిండం వయసూ కలవాల.

వదిన: ఇరవై ఐదు రోజుల మొలగొలుకుల నారుకు మడి ఆ వారమే దమ్ము చేసి ఉండాలన్నట్టు. కనిగిరి కాలవలో నీళ్ళు నాలుగు రోజులు ఆలస్యమైతే మీ నాయన నారు ముదిరిపోతా ఉందని కంటి మీద కునుకు లేకుండా తిరిగేవాడు.

ఆడబిడ్డ: ఆ పోలిక ఒక చోట తప్పుతుంది. నారు ముదిరితే మళ్ళా లేతగా అయ్యేది లేదు. ఇక్కడ నారును ఆపగలం. మడి కోసం నారు ఆగడమే ఈ గడ్డకట్టించే పద్ధతి అంతా. నువ్వు తిట్టే మొదటి వాయిదా ఉందే, అది అందుకే.

వదిన: మొదటిసారి ఏంది కత? అండాలు బాగా వచ్చాయి, పిండాలు బాగా వచ్చాయి, పొర తొమ్మిది ఉంది. అయినా పెట్టలా. అప్పుడు మీ స్కేలు ఏమైంది?

ఆడబిడ్డ: అప్పుడు నీ వరస అడ్డొచ్చింది. ఇంజెక్షన్లు చేస్తే ఒకటి బదులు పదిహేను ఇరవై ఫాలికిల్స్, అంటే అండాల సంచులు, పెరుగుతాయి. ఒక్కోటీ ఈస్ట్రోజెన్ వదుల్తుంది. మామూలు నెలలో శిఖరం మీద రెండు మూడొందల పికోగ్రాములుండే ఎస్ట్రడయాల్ రెండు మూడు వేలకు పోతుంది. ఆ గుంపులో ప్రొజెస్టెరాన్ కూడా కొంచెం ముందే కారుతుంది. ఈ పిల్లకు అండాలు విడుదలయ్యేట్టు చేసే ట్రిగ్గర్ సూది రోజునే ఒకటిన్నర నానోగ్రాములు దాటింది. చూసేదానికి చిన్న అంకె. కానీ పొర అది చూసి, అండం విడుదలైపోయిందనుకొని, మారడం మొదలుపెట్టేస్తుంది. పిండం వచ్చేసరికి పొర దాన్ని దాటి ముందుకు పోయి ఉంటుంది. తొమ్మిది మిల్లీమీటర్లు ఉండి ఏం లాభం? పైగా ఆ పిల్లకు పీసీఓఎస్. అన్ని ఫాలికిల్స్ మీద గర్భం కూడా వస్తే పొట్టలో నీరు చేరి ఐసీయూ పాలవుతారు. చైనాలో పీసీఓఎస్ ఉన్నవాళ్ళ మీదే పరీక్ష పెట్టి 2016లో చెప్పారు: వెంటనే పెడితే నూటికి 42 కాన్పులు, గడ్డకట్టించి తర్వాత పెడితే 49.3. పొట్టలో నీరు చేరే జబ్బు కూడా తగ్గింది.

వదిన: అదే పరీక్ష పీసీఓఎస్ లేనివాళ్ళ మీద వియత్నాంలో పెడితే ఏమీ తేడా రాలేదు గదా. అందరికీ ఒకే మంత్రం వేసి అందరి పిండాలూ గడ్డకట్టించడం మొదలుపెట్టారు. అద్దె వస్తుంది మరి, నైట్రోజన్ డబ్బాకు.

ఆడబిడ్డ: అందరికీ అన్లా. ఈ పిల్లకు అన్నాను.

వదిన: సరే, ఈ పిల్లకు ఒప్పుకుంటా. నేను చెప్పేదే ఒక మనిషి చేసి చూపించాడు, నలభై ఏళ్ళ ముందే. కలకత్తాలో సుభాష్ ముఖర్జీ. ప్రపంచంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ లూయీ బ్రౌన్ పుట్టిన 70 రోజులకు, 1978 అక్టోబర్ 3న, ఆయన చేతిలో దుర్గ పుట్టింది. పిండాన్ని 53 రోజులు గడ్డకట్టించి ఉంచి, అండాలు తీసిన నెలలో కాకుండా ఇంకో నెలలో పెట్టాడు. మీ పెద్ద పెద్ద ఆసుపత్రులు ఈ రోజు చేసేది అదే. ఆస్ట్రేలియా వాళ్ళకు గడ్డకట్టించిన పిండం బిడ్డగా పుట్టింది 1984లో. మనవాళ్ళు ఈయన్ని ఏం చేశారు? కమిటీ వేసి, అబద్ధమని తేల్చి, వేరే చోటికి బదిలీ చేశారు. 1981 జూన్ 19న ప్రాణం తీసుకున్నాడు.

ఆడబిడ్డ: ఆయన్ని నిలబెట్టింది కూడా ల్యాబు మనిషే వదినా. ఆనంద్ కుమార్. బొంబాయిలో 1986లో హర్ష పుట్టినప్పుడు దేశంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ అన్న పేరు ఆయనకూ ఇందిరా హిందూజాకూ వచ్చింది. తర్వాత ముఖర్జీ రాసుకున్న కాగితాలు చదివి, మొదటివాణ్ణి నేను కాదు ఆయనే అని 1997లో తనంతట తానే చెప్పాడు. అంకెలు రాసి పెట్టుకోబట్టే గదా రుజువైంది.

(తన కిరీటం తీసి ఇంకొకరి తలమీద పెట్టిన శాస్త్రజ్ఞుల జాబితా మన దేశంలో పొడుగ్గా ఉండదు. ఆనంద్ కుమార్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడైనా కనిపిస్తే చూడాలని ఉంది. అది వేరే సంగతి.)

వదిన: లూయీ బ్రౌన్ సంగతి కూడా చెప్పు మరి. ఎడ్వర్డ్స్, స్టెప్టో ముందు సూదులు వేసి అండాలు పెంచినన్నాళ్ళూ ఒక్క బిడ్డా నిలబడలా. సూదులు మానేసి, ఆ తల్లికి మామూలు నెలలో వచ్చే ఒక్క అండం తీసి, ఆ నెలలోనే పెడితే పుట్టింది. పొర తనంతట తాను తయారైంది. శరీరానికి తెలిసిన పని శరీరాన్నే చెయ్యనిస్తే ఏం?

ఆడబిడ్డ: తెలిసిన శరీరమైతే చెయ్యనియ్యొచ్చు. ఈ పిల్లకు రెండు నెలలకూ మూడు నెలలకూ నెలసరి. అండం ఎప్పుడు విడుదలవుతుందో, అసలు అవుతుందో లేదో తెలీదు. ఏ రోజు నుంచి లెక్కపెట్టేది? శరీరానికి చేతకాకపోయినా బయటనుంచి పొరను తయారుచెయ్యొచ్చని 1984లోనే మెల్‌బోర్న్‌లో మొనాష్ వాళ్ళు చూపించారు. అండాశయాలు పనిచెయ్యడం మానేసిన పాతికేళ్ళ అమ్మాయికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ వరసగా ఇచ్చి, ఇంకొకరి అండంతో తయారైన పిండం పెడితే బిడ్డ పుట్టింది. అంతదూరం ఎందుకు? మన గుంటూరు చూడు.

వదిన: మంగాయమ్మ గురించేనా?

ఆడబిడ్డ: ఆమే. ఊరు అప్పటి తూర్పు గోదావరి జిల్లా నేలపర్తిపాడు. 1962లో పెళ్ళి. నెలసరి ఆగిపోయి ఎన్నో ఏళ్ళు. 2019 సెప్టెంబర్ 5న గుంటూరులో, డెబ్బై నాలుగేళ్ళ వయసులో కవల ఆడపిల్లలు. అండం దాతది. అండాశయాలు లేనట్టే లెక్క. మరి పొర ఎవరు తయారుచేశారు? మాత్రలు. గర్భసంచికి ముసలితనం తక్కువ వదినా. ముసలిదయ్యేది అండం. పొరకు రెండు హార్మోన్లు వరసగా అందితే డెబ్బై నాలుగులోనూ పిలిస్తే పలికింది. ఇంకేం రుజువు కావాల నీకు?

వదిన: పలికింది పొర. గుండె పలికిందా? ఆపరేషన్ చేసి తియ్యాల్సి వచ్చింది, తల్లిని ఐసీయూలో పెట్టారు. సంతాన వైద్యుల సంఘాలే ఇది తప్పని నోరు తెరిచి చెప్పాయి. సంతాన సాఫల్య చికిత్సల మీద 2021 చట్టం వచ్చి ఆడవాళ్ళకు యాభై, మగవాళ్ళకు యాభై ఐదు దాటితే కుదరదని గీత గీసింది, 2022 జనవరి 25 నుంచి అమలు. చెయ్యగలిగారు కాబట్టి చెయ్యొచ్చు అన్న వాదన నా దగ్గర పెట్టబాక.

ఆడబిడ్డ: మంచి చెడు నేను చెప్పలా. పొర ఎట్టా తయారవుతుందో చెప్పినాను.

వదిన: అదే సగం చెప్పినావు. మాత్రల మీద నడిపే నెలలో అండం విడుదల కాదు. అండం విడుదల కాకపోతే ఆ పసుపుపచ్చ ముద్ద ఉండదు. ఆ ముద్ద చేసేది ఒక్క ప్రొజెస్టెరాన్ కాదు. రిలాక్సిన్ లాంటివి ఇంకా ఉండాయి. కడుపుతో ఉన్న ఆడదాని రక్తనాళాలు సాగేదానికి అవి పనికొస్తాయి. మీ మాత్రల్లో అవి లేవు. అట్టా వచ్చిన గర్భాల్లో బీపీ పెరిగి గుర్రపువాతం వచ్చే ముప్పు ఎక్కువని 2019 నుంచి పేపర్లు వస్తానే ఉండాయి. పిండం అతుక్కునేదాకా మీ బాధ్యత, ఆ తర్వాత తొమ్మిది నెలలు ఎవరిది?

(దీనికి చెల్లెలు వెంటనే జవాబు చెప్పలేదు. మజ్జిగ గ్లాసు తీసుకుంది. నా లెక్కలో ఆ సాయంత్రం మా ఆవిడ వేసిన బలమైన దెబ్బ ఇదే. ఐవీఎఫ్ గురించి మన ఇళ్ళలో జరిగే మాటలన్నీ గర్భం తేల్చే బీటా రిపోర్టు దగ్గర ఆగిపోతాయి. పాజిటివ్ వచ్చిందా, స్వీట్లు పంచారు. ఏడో నెలలో కాళ్ళు ఎందుకు వాచాయో ఆ మాత్రలతో ముడిపెట్టి ఎవరూ ఆలోచించరు.)

ఆడబిడ్డ: ఒప్పుకుంటా. మాకు మాత్రల నెల సుఖం. ఆదివారం రాకుండా తేదీ వేసుకోవచ్చు. ఎంబ్రియాలజిస్టు సెలవు చూసుకోవచ్చు. పేషెంటు బస్సు కూడా చూసుకోవచ్చు, అది మర్చిపోబాక. సహజంగా అండం విడుదలయ్యే నెలలో పెట్టాలంటే రోజు మార్చి రోజు స్కాన్‌కు రావాల. బుచ్చి నుంచి నెల్లూరు సరే, ఉదయగిరి నుంచి వచ్చేవాళ్ళు?

వదిన: పీసీఓఎస్ ఉన్న పిల్లకు లెట్రొజోల్ ఇచ్చి ఒక అండం విడుదల చేయించి, ఆ నెలలో పెట్టకూడదా? ఆ ముద్దా ఉంటుంది, పొరా పెరుగుతుంది.

ఆడబిడ్డ: పెట్టొచ్చు. మా దగ్గర పెడతా ఉండారు. మాత్రలకు పొర పలకనివాళ్ళకు అది మారుస్తాం కూడా. ఇదిగో, ఈ ఒక్కటీ డాక్టరమ్మను అడగమని రాసుకో.

వదిన: రాసుకున్నా. ఇంక ఆ రక్తపరీక్షల సంగతి. ట్రాన్స్‌ఫర్‌కు ముందు రోజు ప్రొజెస్టెరాన్ చూడాలంట. లోపల పెట్టుకునే మాత్ర వాడతా ఉంది గదా. ఆ మందు రక్తంలోకి పోకుండా నేరుగా గర్భసంచికే పోతుంది. రక్తంలో తక్కువున్నా అక్కడ ఎక్కువుంటుంది. మరి చేతిలో రక్తం తీసి గర్భసంచి సంగతి చెప్తారా?

ఆడబిడ్డ: నేనూ అట్టానే అనుకునేదాన్ని. స్పెయిన్‌లో వాలెన్సియా వాళ్ళు 2017లో చూశారు: అందరికీ ఒకే మోతాదు మాత్రలు లోపల పెట్టించి, ట్రాన్స్‌ఫర్ రోజున రక్తం తీస్తే, 9.2 నానోగ్రాముల కంటే తక్కువున్న వాళ్ళలో నిలబడ్డ గర్భాలు తక్కువ. పొర అందరికీ బాగానే కనిపించింది. ఒకే మాత్ర ఇద్దరు ఆడవాళ్ళు పెట్టుకుంటే ఒకరికి పదిహేను వస్తుంది, ఒకరికి ఆరు వస్తుంది. ల్యాబులో రోజూ నా కళ్ళతో చూస్తాను.

వదిన: నేనొక్క ప్రశ్న అడుగుతా. నా దగ్గర ఉన్నది ఒకటే తక్కెడ. ఆ అంకె వచ్చినాక డాక్టరు చేసే పని ఏమన్నా మారుతుందా? మారితే తియ్యండి రక్తం. మారకపోతే మా బిడ్డ చేతిలో సూది ఎందుకు?

ఆడబిడ్డ: మారుతుంది. తక్కువుంటే ఆ రోజే నూనె సూది కలుపుతాం. లేదంటే చర్మం కింద వేసేది. అట్టా కలిపినవాళ్ళు మిగతావాళ్ళతో సమానంగా వస్తా ఉండారు. నీ తక్కెడలో ఈ పరీక్ష నెగ్గింది.

వదిన: నూనె సూది అంటే ఆ తుంటి మీద గడ్డలు కట్టేదేనా?

ఆడబిడ్డ: అదే. చిక్కటి నూనె, లావు సూది. రోజూ ఒకే పక్క వేస్తే కూర్చోలేరు. సీసాను అరచేతుల మధ్య కాసేపు తిప్పి వెచ్చబరిస్తే నూనె పల్చబడుతుంది. వేసినాక వేడి గుడ్డ పెట్టాల. ఈ రెండు మాటలు చెప్పే నర్సు దొరికితే సగం బాధ తీరుతుంది, అవి మాత్రం ఎవరూ చెప్పరు.

వదిన: మరి ఎస్ట్రడయాల్? ఆ పిల్లకు మూడుసార్లు తీశారు. నూట ఎనభై, రెండొందల ఇరవై, ఏందో.

ఆడబిడ్డ: మాత్రలు మింగేవాళ్ళలో ఆ అంకె చూసి గర్భం నిలుస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు. పొర పెరిగితే ఈస్ట్రోజెన్ అందినట్టే. అది నీ తక్కెడలో ఓడిపోయింది, తీసుకో. కానీ ప్రొజెస్టెరాన్ మందు మొదలుపెట్టే ముందు ఒకసారి ప్రొజెస్టెరాన్ చూడటం మాత్రం తియ్యబాక. మాత్రల నెలలో కూడా ఒక్కోసారి అండం దొంగతనంగా విడుదలైపోతుంది. అప్పుడు పొర గడియారం మనకు తెలీకుండా మొదలైపోయి ఉంటుంది. మనం పెట్టుకున్న ఐదు రోజుల లెక్క అంతా తప్పు.

వదిన: సరే, అది ఉండనీ. ఇప్పుడు అసలు దానికి వస్తా. ఈసారి ట్రాన్స్‌ఫర్‌కు ముందు ఒక ఉత్తుత్తి నెల నడిపి, పొర ముక్క తీసి, జన్యువుల పరీక్షకు పంపాలంట. ఆ పిల్ల అదను ఎప్పుడో గంటలతో సహా చెప్తారంట. వాళ్ళమ్మ మెళ్ళో గొలుసు బ్యాంకుకు పోయేదానికి సిద్ధంగా ఉంది.

ఆడబిడ్డ: ఈఆర్ఏ.

వదిన: ఏ రేయో. రెండొందల ముప్పై ఎనిమిది జన్యువులంట. వినేదానికి బ్రహ్మాండంగా ఉంది. నెగ్గుతుందా నా తక్కెడలో?

(చెల్లెలు పనిచేసే చోట ఈ పరీక్ష చేస్తారు. ఆమె జీతంలో దీని డబ్బు కూడా ఉంటుంది. ఏం చెప్తుందోనని నేను ముందుకు వంగాను.)

ఆడబిడ్డ: నీ తక్కెడలో నెగ్గుతుంది వదినా. అక్కడే ఉంది చిక్కు. ఆ రిపోర్టు వచ్చినాక డాక్టరు చేసే పని మారుతుంది. పన్నెండు గంటలు వెనక్కో, ఇరవై నాలుగు గంటలు ముందుకో జరుపుతారు. కానీ జరిపినందుకు బిడ్డలు ఎక్కువ పుట్టలేదు. అమెరికాలో 767 మంది ఆడవాళ్ళను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆ పరీక్ష చెప్పిన గంటకు పెట్టారు, ఒక గుంపుకు అందరికీ పెట్టే గంటకే పెట్టారు. 2022లో లెక్క తేలింది. పరీక్ష ప్రకారం పెట్టినవాళ్ళలో 58.5 శాతం, మామూలుగా పెట్టినవాళ్ళలో 61.9. నీ తక్కెడకు ఇంకో రాయి కట్టుకో: పని మారితే చాలదు, ఫలితం మారాల.

వదిన: కట్టుకున్నా. మరి మీ దగ్గర ఎందుకు చేస్తారు?

ఆడబిడ్డ: మూడుసార్లు పోయినవాళ్ళు వచ్చి కూర్చుంటారు వదినా. మంచి పిండాలు, మంచి పొర, హార్మోన్లు బాగుండాయి, అయినా నిలవలా. మాకు తెలిసింది ఇంతే అని చెప్పి పంపిస్తే ఇంకో ఆసుపత్రికి పోతారు. అక్కడ ఏదో ఒక పరీక్ష పేరు చెప్తారు. ఊరికే ఉండలేని మనిషికి ఏదో ఒకటి చెయ్యడం కావాల, ఇటు డాక్టరుకూ అంతే. అంతకు ముందు పొరను గీకితే బాగా అతుక్కుంటుందని కొన్నేళ్ళు గీకారు. 2019లో 1364 మంది మీద చూస్తే, గీకినా 26.1 శాతమే, గీకకపోయినా 26.1 శాతమే. ఇప్పుడు రక్తంలోంచి ప్లాస్మా తీసి లోపల పోస్తా ఉండారు. అది ఏమవుతుందో ఇంకా తేలలా. నేను మాత్రం మన పిల్లకు గొలుసు కుదవ పెట్టమని చెప్పను. ఆ డబ్బుతో హిస్టెరోస్కోపీ చేయించి, కెమెరా పెట్టి మచ్చ ఉందేమో చూడమని చెప్తా.

వదిన: ఈ మాట మీ ఆసుపత్రిలో గట్టిగా చెప్పలేవు గదా.

ఆడబిడ్డ: ల్యాబులో కూర్చునేదాన్ని, చెప్పినా ఎవరు వింటారు? నెమ్మదిగా చెప్తా ఉంటా.

వదిన: అయితే అదను అనేది అంత సూదిమొనలాంటిది కాదన్నమాట. గంట తప్పితే పోయేదైతే ఆ 767 మందిలో తేడా కనిపించి ఉండాల.

ఆడబిడ్డ: కాదు. మామూలుగా గర్భం వచ్చిన ఆడవాళ్ళ మూత్రం రోజూ పట్టి చూశారు, 1999లో అచ్చయింది. నిలబడ్డ గర్భాల్లో నూటికి 84 అండం విడుదలైన ఎనిమిది నుంచి పది రోజుల్లోపల అతుక్కున్నాయి. కొన్ని ఆరో రోజే, కొన్ని పన్నెండో రోజు. ఆలస్యమయ్యేకొద్దీ జారిపోయేవి ఎక్కువ. పదకొండో రోజున అతుక్కున్నవి సగం పోయాయి. అంటే అదను ఉంది, కానీ ఒకటి రెండు రోజుల వెడల్పు ఉంది. వరస తప్పకుండా, పొర మరీ పల్చగా లేకుండా, ప్రొజెస్టెరాన్ చాలినంత ఉండేట్టు చూసుకుంటే మా పని అయిపోయినట్టే. మిగిలింది పిండం చేతిలో ఉంది. నిలవకపోవడానికి ఎక్కువసార్లు కారణం పిండంలో క్రోమోజోముల లెక్క తప్పడమే. కానీ పొర స్కాన్‌లో కనిపిస్తుంది, అందుకే తిట్లన్నీ దానికే.

వదిన: తిట్లన్నీ ఆడదానికే అను.

(పొరకు పడే తిట్టు ఆ పొర ఉన్న మనిషికే పోతుంది, నిజమే. ‘లైనింగ్ రాలేదంట’ అని మా పెద్దనాన్న ఇంట్లో ఆ పిల్ల అత్తగారు పక్కింటామెతో అంటుంటే నేను విన్నాను. ఆ పిల్ల ఏదో పరీక్ష తప్పినట్టుంది గొంతు. అబ్బాయి రిపోర్టులో కణాల కదలిక ఎంతుందో ఆ వీధిలో ఎవరికీ తెలియదు.)

ఆడబిడ్డ: వచ్చే నెల జొన్నవాడ బ్రహ్మోత్సవాలు. కొడిముద్దల ప్రసాదానికి తీసుకుపోతానని వాళ్ళమ్మ అంటా ఉంది. నువ్వు వద్దన్నావంట.

వదిన: వద్దన్లా. కామాక్షమ్మ దగ్గర పిల్లల్లేనివాళ్ళు ఇప్పుడు కొత్తగా వస్తా ఉండారా? పెన్న ఒడ్డున తడిబట్టలతో గుంపులో నిలబడి ఈ ఎండల్లో పడిపోతే ఎట్టా అన్నాను.

ఆడబిడ్డ: నేనైతే పొమ్మన్నాను. కొడిముద్దకు రక్తం తియ్యరు, గొలుసు అడగరు. మాత్రల వేళ తప్పకూడదని మాత్రం చెప్పినాను. ఉపవాసమున్నా మాత్ర మింగాల్సిందే. ఈస్ట్రోజెన్ ఒక పూట మానితే మానిందిలే అనుకుంటారు, అట్టా నాలుగు పూటలైతే చుక్కలు కనిపించి ఆ నెల పోతుంది.

అప్పుడే ఆ పిల్ల ఫోను చేసింది. చెల్లెలు స్పీకర్ పెట్టింది. మచ్చ, లెట్రొజోల్, ముందురోజు ప్రొజెస్టెరాన్, ఈఆర్ఏ వద్దు అని నాలుగు మాటలు రాసుకోమంది. అటువైపు పెన్ను వెతుక్కుంటున్న చప్పుడు. అన్నీ రాసుకున్నాక ఆ పిల్ల అడిగింది ఒకటే: పిండం పెట్టినాక ఎన్ని రోజులు పడుకోవాలత్తా, కాళ్ళ కింద దిండు పెట్టుకోవాలంట గదా?

ఆడబిడ్డ: ఏమీ పడుకోబళ్ళేదమ్మా. లేచి నడిచి రా. పడుకున్నందుకు ఎక్కువ నిలుస్తాయని ఎక్కడా తేలలా. బస్సులో వచ్చినా ఏమీ కాదు.

వదిన: బస్సులోనా? ఆ ముంబై రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లు చూసినావా నువ్వు?

ఆడబిడ్డ: వదినా, నీ తక్కెడ.

వదిన: తక్కెడ సంగతి నాకు తెలుసు. దానికి కారు మాట్లాడమని మీ అన్నకు చెప్పు.

ఇక్కడ ఇద్దరూ నావైపు తిరిగారు. కారు నేను మాట్లాడాను.